సన్నగా ఉన్నా షుగరే. కానీ ఏ షుగరు?

"ఇంత సన్నగా ఉన్నావు, నీకు షుగరేంట్రా?" ఈ రెండేళ్లలో నేను ఎక్కువగా విన్న డైలాగ్ ఇదే. ఆఫీసు క్యాంటీన్‌లో, పెళ్లి భోజనాల దగ్గర, ఊళ్లో బస్టాండు పక్క టీకొట్టులో, అన్నిచోట్లా ఇదే ప్రశ్న. అడిగేవాళ్ల తప్పేం లేదు. షుగర్ అంటే పొట్ట, యాభై ఏళ్ల వయసు, సాయంత్రం వాకింగ్ షూస్. మనందరి తలలో ఉన్న బొమ్మ అది. ఆ బొమ్మలో నేను పట్టను.

ఈ కాలమ్‌లో మామూలుగా కోడ్, జీతాలు, రూమ్మేట్ల గొడవలు రాస్తుంటాను. ఈ వారం నా రక్తం గురించి. కాస్త లోతుగా వెళ్తాను, ఓపిక పట్టండి. ఎందుకంటే ఇది మీలో కొందరి రక్తం గురించి కూడా కావొచ్చు.

కంపెనీ వాళ్లు ఏటా చేయించే హెల్త్ చెకప్‌లో నాకు 26 ఏళ్లప్పుడు ఫాస్టింగ్ షుగర్ 212 వచ్చింది. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4. దగ్గర్లోని క్లినిక్‌లో డాక్టరు గారు రిపోర్టు చూసి, "ఐటీ వాళ్లకి ఇప్పుడిది మామూలే, టైప్ 2" అని మెట్‌ఫార్మిన్ రాశారు. నాలుగు నెలల తర్వాత ఇంకో మాత్ర కలిపారు. మాత్రలు పూట తప్పకుండా వేసుకున్నాను. రాత్రి అన్నం మానేసి జొన్నరొట్టె. పొద్దున కేబీఆర్ పార్కు చుట్టూ నడక. అమ్మ ఊరి నుంచి మెంతులు, నేరేడు గింజల పొడి పంపేది, వీడియో కాల్‌లో కాకరకాయ రసం తాగిస్తూ గ్లాసు అడుగు దాకా చూపించమనేది. పద్నాలుగు నెలల తర్వాత హెచ్‌బీఏ1సీ 9.1. బరువు మాత్రం 66 నుంచి 58కి వచ్చింది. ఆఫీసులో అందరూ "ఏ జిమ్ బాస్?" అని అడిగేవాళ్లు.

రెండో డాక్టరు, ఎండోక్రైనాలజిస్టు మేడమ్, నా షుగర్ అంకెలు చూడకముందే అడిగిన ప్రశ్న వేరు. "మీ ఇంట్లో ఎవరికైనా థైరాయిడ్ ఉందా?"

ఉంది. అమ్మ పదేళ్లుగా పరగడుపున థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది. పెద్దమ్మకీ ఉంది. దానికీ నా షుగర్‌కీ ఏంటి సంబంధం అనుకున్నాను. మేడమ్ రెండు పరీక్షలు రాశారు: జీఏడీ యాంటీబాడీ, సీ-పెప్టైడ్. వారం తర్వాత మొదటిది పాజిటివ్. నాది టైప్ 2 కాదు. లాడా అంటారు. పెద్దవాళ్లలో నెమ్మదిగా, చడీచప్పుడు లేకుండా నడిచే ఆటోఇమ్యూన్ షుగర్. టైప్ 1కి నిదానస్తుడైన అన్నయ్య అనుకోండి.

అసలు కథ ఇక్కడ మొదలవుతుంది. మన శరీరంలో రోగనిరోధక వ్యవస్థ ఉంటుంది కదా, వైరస్‌లూ బ్యాక్టీరియా వస్తే తరిమేది. ఆటోఇమ్యూన్ జబ్బుల్లో అది సొంత ఇంటి మనుషుల్నే దొంగలనుకుంటుంది. థైరాయిడ్ గ్రంథి మీద పడితే అమ్మకి వచ్చింది, ప్యాంక్రియాస్‌లో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణాల మీద పడితే నాకు వచ్చింది. ఒకే కుటుంబంలో ఇలా వేర్వేరు చోట్ల కనబడటం మామూలే. మేడమ్ థైరాయిడ్ గురించి అడిగింది అందుకే.

1974లో లండన్‌లో బొట్టాజో, డెబోరా డోనియక్ బృందం షుగర్ ఉన్నవాళ్ల రక్తంలో ఈ కణాల మీదికి వెళ్లే యాంటీబాడీల్ని మొదటిసారి చూపించింది. ఆ యాంటీబాడీలు పట్టుకునే ఒక ప్రోటీన్ జీఏడీ అనే ఎంజైమ్ అని 1990లో తేలింది. చిత్రమేంటంటే ఈ ఎంజైమ్ మెదడులో కూడా ఉంటుంది, నరాల్ని శాంతపరిచే గాబా అనే రసాయనాన్ని తయారుచేస్తుంది.

ఇక్కడ ఒక చిన్న అపోహ తీసేయాలి. రిపోర్టు రాగానే నేను అనుకున్నది, ఈ యాంటీబాడీలే నా బీటా కణాల్ని చంపుతున్నాయి అని. అలా కాదట. చంపే పని ఎక్కువగా టీ కణాలది. యాంటీబాడీ అంటే సర్వర్ లాగ్‌లో కనబడే ఎర్ర లైన్ లాంటిది. లోపల ఏదో కాలుతోంది అని చెబుతుంది, కాల్చేది అది కాదు. కాబట్టి దాని అంకె తగ్గించుకోవడానికి మందులు వెతకడం దండగ.

సీ-పెప్టైడ్ ఇంకా సూటిగా ఉంటుంది. ప్యాంక్రియాస్ ఇన్సులిన్ తయారుచేసేటప్పుడు ముందు ఒక పెద్ద ముక్క చేసి, దాన్ని కత్తిరిస్తుంది. ఒక ఇన్సులిన్, ఒక సీ-పెప్టైడ్ వస్తాయి. రెండూ సమానం. బయట కొనే ఇన్సులిన్‌లో ఈ రెండో ముక్క ఉండదు. అందుకని ఇంజక్షన్ తీసుకుంటున్నవాళ్లలో కూడా సొంత ఫ్యాక్టరీ ఎంత నడుస్తోందో దీంతో తెలుస్తుంది. లాడా మీద 2020లో నిపుణులు పెట్టుకున్న గీతలు ఇవి: లీటరుకి 0.3 నానోమోల్ కంటే తక్కువైతే ఇన్సులిన్ తప్పదు, 0.7 దాటితే మాత్రలతో నడపొచ్చు కానీ మళ్లీ మళ్లీ కొలుస్తూ ఉండాలి, మధ్యలో ఉంటే డాక్టరు ఆలోచించి తేల్చాలి. నాది మధ్యలో, కింది గీతకి దగ్గర్లో.

"సరే బాస్, పేరు మారితే ఏంటి? షుగర్ షుగరే కదా" అన్నాడు మా టీమ్ లీడ్. మంచి ప్రశ్నే. జవాబు రక్తనాళాల్లో ఉంది.

మన కణాల్లో చాలావరకు రక్తంలో షుగర్ పెరిగితే తలుపులు కొంత మూసుకోగలవు. రక్తనాళాల లోపలి గోడ మీదుండే కణాలకి ఆ సౌకర్యం సరిగ్గా లేదు. బయట ఎంత ఉంటే లోపలికి అంత వచ్చేస్తుంది. లోపల అది రసాయన గందరగోళం చేస్తుంది, ప్రోటీన్లకి అంటుకుంటుంది, గోడ బిరుసెక్కుతుంది, కారుతుంది. సన్న నాళాలు ఎక్కడ ఎక్కువో అక్కడ దెబ్బ ముందు కనబడుతుంది: కంటి రెటీనా, కిడ్నీలో వడపోత గుత్తులు, కాళ్ల నరాలకి రక్తం తీసుకెళ్లే వెంట్రుకల్లాంటి నాళాలు. పెద్ద నాళాల దెబ్బ గుండెపోటుగా, పక్షవాతంగా, కాలిలో రక్తం ఆడకపోవడంగా వస్తుంది. రెటీనాలో మొదట చిన్న చిన్న బుడగలు వస్తాయి, తర్వాత కారడం, ఆ తర్వాత ఆక్సిజన్ చాలక కొత్త నాళాలు పుట్టుకొస్తాయి. కొత్తవి చాలా పెళుసు, పగిలితే కంట్లో రక్తం. ఇంత జరుగుతున్నా చాలాకాలం చూపు మామూలుగానే ఉంటుంది. రోజుకి పది గంటలు స్క్రీన్ చూసి బతికే నాలాంటోడికి ఈ పేరా రాయడం కూడా కష్టంగానే ఉంది.

ఇప్పుడు టీమ్ లీడ్ ప్రశ్నకి వద్దాం. బ్రిటన్‌లో యూకేపీడీఎస్ అని ఒక పెద్ద అధ్యయనం 1977లో మొదలైంది. కొత్తగా టైప్ 2 అని తేలిన 5,102 మందిని తీసుకుని ఏళ్ల తరబడి గమనించారు. వాళ్లలో కొందరి రక్తం పరీక్షిస్తే, 25 నుంచి 34 ఏళ్ల వయసువాళ్లలో 34 శాతం మందికి జీఏడీ యాంటీబాడీ ఉంది. అంటే టైప్ 2 అని ముద్ర వేసిన కుర్రాళ్లలో మూడోవంతు! 35 ఏళ్లలోపు ఉండి ఈ యాంటీబాడీ ఉన్నవాళ్లలో 84 శాతానికి ఆరేళ్లలో ఇన్సులిన్ అవసరమైంది. యాంటీబాడీలు లేనివాళ్లలో 14 శాతానికే. అయితే ఇది బ్రిటన్ లెక్క. మన దగ్గర కుర్ర వయసులో నిజమైన టైప్ 2 కూడా చాలా ఎక్కువ, కాబట్టి ఆ మూడోవంతుని తెచ్చి హైదరాబాద్‌కి అతికించొద్దు.

నన్ను ఆపేసింది అదే అధ్యయనం మీద 2020లో వచ్చిన ఇంకో విశ్లేషణ. కళ్లు, కిడ్నీల దెబ్బల్ని లాడా వాళ్లలో, మామూలు టైప్ 2 వాళ్లలో పోల్చారు. మొదటి తొమ్మిదేళ్లు లాడా వాళ్లకే మేలు, ప్రమాదం సగం కంటే తక్కువ. నేను అక్కడే ఆగి టీ తాగి ఉంటే హ్యాపీగా ఉండేవాణ్ని. తొమ్మిదేళ్ల తర్వాత గీత తిరగబడింది. అక్కడి నుంచి లాడా వాళ్ల ప్రమాదం 36 శాతం ఎక్కువ. కారణం యాంటీబాడీ వచ్చి నాళాల్ని కొరకడం కాదు. ఇన్సులిన్ తగ్గిపోతున్నా గుర్తించక, షుగర్ అదుపు తప్పి ఏళ్లు గడవడం. మొదట్లో బీపీ తక్కువ, కొలెస్ట్రాల్ బాగుంది, మనిషి సన్నగా ఉన్నాడు, అందరికీ ధైర్యం. ఆ ధైర్యమే కొంప ముంచుతుంది.

మరి యాంటీబాడీలకి నాళాలతో సంబంధమే లేదా అంటే, ఉంది, కానీ అవి వేరే యాంటీబాడీలు. ఒకటి: షుగర్ వల్ల చెడు కొలెస్ట్రాల్ కణాలు ఆక్సీకరణ చెంది ఆకారం మారతాయి. వాటిని శరీరం పరాయివనుకుని యాంటీబాడీలు తయారుచేస్తుంది. రెండూ కలిసి గుత్తులు కడతాయి. ఆ గుత్తుల్ని మింగిన తెల్లకణాలు కొవ్వుతో ఉబ్బి నాళం గోడలో కూర్చుంటాయి. టైప్ 1 వాళ్లలో ఈ గుత్తులు ఎక్కువున్నవాళ్లకి కళ్లు, కిడ్నీలు, మెడ రక్తనాళాల దెబ్బతో సంబంధం కనబడింది.

రెండోది ఇంకా ఆశ్చర్యం. అమెరికాలో, కెనడాలో 1983 నుంచి 1993 దాకా డీసీసీటీ అనే అధ్యయనం జరిగింది. 1,441 మంది టైప్ 1 వాళ్లని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి షుగర్ గట్టిగా అదుపు చేశారు, ఇంకో గుంపుకి అప్పటి మామూలు వైద్యం. ఒకరి సగటు హెచ్‌బీఏ1సీ 7 దరిదాపుల్లో, ఇంకొకరిది 9. గట్టి అదుపు గుంపులో కంటి జబ్బు మొదలయ్యే ప్రమాదం 76 శాతం తగ్గింది, నరాల జబ్బు 60 శాతం, కిడ్నీది సుమారు సగం. ఫలితం ఎంత స్పష్టంగా వచ్చిందంటే అధ్యయనాన్ని ఏడాది ముందే ఆపేశారు. ఆ రక్త నమూనాలు దాచి ఉంచారు. బోస్టన్‌లోని జాస్లిన్ డయాబెటిస్ సెంటర్‌లో మైరా లైప్స్ బృందం వాటిని బయటికి తీసి, గుండె కండరం ప్రోటీన్ల మీదికి వెళ్లే యాంటీబాడీల కోసం వెతికింది. 2019లో ఫలితాలొచ్చాయి. షుగర్ అదుపులో లేనివాళ్లలో ఇవి ఎక్కువ. అలాంటి యాంటీబాడీలు రెండు లేదా అంతకంటే ఎక్కువ రకాలు ఉన్నవాళ్లకి, దశాబ్దాల తర్వాత గుండె జబ్బు వచ్చే అవకాశం చాలా ఎక్కువ. అంటే షుగర్ ఎక్కువైతే ఒంట్లో సొంత గుండె మీదే తగాదా మొదలు కావొచ్చన్నమాట. ఇది ఇంకా పరిశోధనే. మీ వీధి చివర ల్యాబ్‌లో ఈ టెస్టు అడగకండి, ఉండదు.

డీసీసీటీ అయిపోయాక రెండు గుంపుల షుగరూ దాదాపు ఒకటైపోయింది. అయినా మొదట్లో అదుపు లేని గుంపుకి దెబ్బలు తర్వాత చాలా ఏళ్లు ఎక్కువగానే వచ్చాయి. దీన్ని 'మెటబాలిక్ మెమరీ' అంటారు. మా భాషలో టెక్నికల్ డెట్. పాత కోడ్ చెత్తగా రాస్తే, కొత్త టీమ్ ఎంత బాగా రాసినా వడ్డీ కడుతూనే ఉంటారు కదా, అదే. నా పద్నాలుగు నెలల 9 పైచిలుకు సగటు ఆ ఖాతాలోనే ఉంది.

అందుకే మేడమ్ ఇన్సులిన్ రాసిన రోజే ఇంకో మూడు చీటీలు ఇచ్చారు. కంటిపాపలో చుక్కలు వేసి రెటీనా ఫొటో. మూత్రంలో ఆల్బుమిన్-క్రియాటినిన్ నిష్పత్తి, అది 30 దాటితే కిడ్నీ వడపోత కారుతోందని అనుమానించి మళ్లీ పరీక్షించాలి. పాదాల మీద సన్నని నైలాన్ తీగతో గుచ్చి, తెలుస్తోందా లేదా చూడటం. మూడోదానికి డబ్బులు కూడా పెద్దగా కావు, రెండు నిమిషాల పని. అయినా పద్నాలుగు నెలల్లో నా సాక్సులు ఎవరూ విప్పించలేదు. కంటి ఫొటో తీయించుకుని ఫలితం కోసం బయట కుర్చీలో కూర్చున్న నలభై నిమిషాలు ఉన్నాయి చూడండి, చుక్కల వల్ల ఫోన్ స్క్రీన్ మసగ్గా ఉంది, టైమ్ కూడా కనబడట్లేదు. పక్కన కూర్చున్న పెద్దాయన తన కంటికి లేజర్ ఎన్నిసార్లు కొట్టారో వేళ్లు మడిచి లెక్కపెడుతున్నారు. నా రెటీనా బాగుందన్నారు. మూత్రం పరీక్ష 22. ఏటా చేయించాలి.

ఇన్సులిన్ అనగానే అమ్మ ఏడ్చింది. "సూది దాకా వచ్చిందంటే ఆఖరి స్టేజే కదరా నాన్నా" అంది. మన ఇళ్లలో ఈ మాట చాలా పాతది. మామూలుగా ఇరవై ఏళ్లు మాత్రలతో నెట్టుకొచ్చి, కిడ్నీ పోయాక సూది మొదలెట్టిన తాతయ్యల్ని చూశాం కాబట్టి సూదే కిడ్నీని పోగొట్టిందని లెక్క కట్టేశాం. నేను అమ్మకి థైరాయిడ్ మాత్ర చూపించాను. "నీ గ్రంథి పనిచేయట్లేదు, బయట నుంచి వేసుకుంటున్నావు. నాది కూడా అంతే, కాకపోతే మాత్రలో పట్టదు, అరిగిపోతుంది, అందుకే సూది." అప్పుడు కాస్త నెమ్మదించింది. తర్వాతి టాపిక్ పెళ్లి సంబంధాల బయోడేటాలో ఇది రాయాలా వద్దా. పిన్ని వద్దంది, నాన్న రాయాల్సిందే అన్నారు. నేను నాన్న పార్టీ. ఆ గొడవ ఇంకో కాలమ్‌కి సరిపోతుంది.

ఇక రోజువారీ జీవితం అంటే, బిర్యానీ ఉంది, లెక్కతో. ఆఫీసు బ్యాగ్‌లో పెన్, సూదులు, గ్లూకోజ్ బిళ్లలు. రాత్రి రెండింటికి ప్రొడక్షన్ కాల్‌లో ఉండగా ఒకసారి చేతులు వణికి చెమటలు పట్టాయి, చూస్తే 58. పదిహేను గ్రాముల గ్లూకోజ్ వేసుకుని, పదిహేను నిమిషాలాగి మళ్లీ చూసుకోవడం, అంతే. కాల్‌లో ఉన్నవాళ్లకి చెప్పాను, ఎవరూ విడ్డూరంగా చూడలేదు.

నాకు నిజంగా కోపం తెప్పించేవి "నలభై రోజుల్లో ఇన్సులిన్ మానిపిస్తాం" అనే వీడియోలు. బరువెక్కువున్న టైప్ 2 వాళ్లు కొందరు బరువు బాగా తగ్గి మందులు మానగలరు, అది నిజమే. ఆ నిజాన్ని తెచ్చి టైప్ 1, లాడా వాళ్లకి అమ్మితే మనిషి చచ్చిపోతాడు. ఇన్సులిన్ పూర్తిగా లేకపోతే ఒళ్లు కొవ్వుని కరిగించి కీటోన్లు తయారుచేస్తుంది, రక్తం ఆమ్లమైపోతుంది. వాంతులు, కడుపునొప్పి, వేగంగా ఊపిరి. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇంకో సంగతి: పేరు చివర 'గ్లిఫ్లోజిన్' అని ఉండే షుగర్ మాత్రలు టైప్ 2లో గుండెకీ కిడ్నీకీ చాలా మంచివి. కానీ ఇన్సులిన్ కొరత ఉన్నవాళ్లలో షుగర్ పెద్దగా పెరగకుండానే ఈ కీటోన్ల ప్రమాదం తేగలవు. మీది ఏ షుగరో తెలియకుండా వాడితే వచ్చే చిక్కు ఇలాంటిది.

మరి ఎవరు ఈ యాంటీబాడీ పరీక్ష గురించి అడగాలి? 35 ఏళ్లలోపు షుగర్ వచ్చినవాళ్లు, బరువు తక్కువున్నవాళ్లు లేదా కారణం లేకుండా తగ్గుతున్నవాళ్లు, మాత్రలు సరిగ్గా వేసుకుంటున్నా అంకెలు దిగనివాళ్లు, తమకో ఇంట్లోవాళ్లకో థైరాయిడ్ లాంటి ఆటోఇమ్యూన్ జబ్బు ఉన్నవాళ్లు. వీటిలో రెండు మూడు కలిస్తే డాక్టరుని అడగడంలో మొహమాటం వద్దు. సన్నగా ఉండటం ఒక్కటే అయితే కంగారు పడకండి, మనవాళ్లలో సన్నటి టైప్ 2 బోలెడంత మంది. పరీక్ష మామూలు షుగర్ టెస్టు కంటే బాగా ఖరీదు, అది నిజం. కొద్దిపాటి పాజిటివ్ వస్తే డాక్టరు మళ్లీ చేయించొచ్చు, నెగటివ్ వచ్చినా అనుమానం ఉంటే వేరే యాంటీబాడీలు, సీ-పెప్టైడ్ చూస్తారు. ప్రైవేటు ఖర్చు భారమైతే హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా, తిరుపతిలో స్విమ్స్ లాంటి చోట్ల ఎండోక్రైనాలజీ విభాగాలున్నాయి. లైన్ పెద్దది, పొద్దున్నే వెళ్లండి.

సిగరెట్ సంగతి ఒక్క ముక్క. టీ బ్రేక్ బ్యాచ్‌లో షుగర్ ఉన్నవాడు ఎవడైనా ఉంటే వాడికి అగ్గిపెట్టె అందించకండి. షుగర్ కొడుతున్న నాళాన్నే పొగా కొడుతుంది.

ఇప్పుడు మా ఇంట్లో నడుస్తున్న చర్చ తమ్ముడి గురించి. వాడికి 19. టైప్ 1లో రెండు లేదా అంతకంటే ఎక్కువ యాంటీబాడీలుంటే, షుగర్ మామూలుగా ఉన్నా జబ్బు మొదటి దశ మొదలైనట్టే లెక్క. రెండో దశలో ఉన్నవాళ్లకి టెప్లిజుమాబ్ అనే మందుని అమెరికా 2022 నవంబర్‌లో అనుమతించింది, అది జబ్బు బయటపడటాన్ని సుమారు రెండేళ్లు వెనక్కి నెట్టగలదు. తమ్ముడికి ఇప్పుడే చేయించాలా అని మేడమ్‌ని అడిగాను. నాది లాడా కాబట్టి తొందరేం లేదు, కానీ దాహం, బరువు తగ్గడం లాంటివి కనబడితే ఆగొద్దు, కావాలంటే ఒకసారి చేయించుకోవచ్చు అన్నారు. వాడు ఒప్పుకున్నాడు. ఒకటే షరతు, రక్తం తీసేటప్పుడు నేను పక్కన నిలబడాలట, వాడు గోడవైపు చూస్తాడట. శనివారం పొద్దున ఏడింటికి స్లాట్ బుక్ చేశాను.